చెవికి చికిత్స, నడకకు ఉపేక్ష

పుట్టుచెవిటి శిశువులకు ప్రభుత్వ వ్యయముతో కాక్లియర్ ఇంప్లాంటు అమర్చుట మన దేశమున నేడు క్రొత్త మాట కాదు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము మూలమున నాటి ఉమ్మడి రాష్ట్రములో పేదల బిడ్డలు పలువురకు ఈ చికిత్స లభించినది. కేంద్ర ప్రభుత్వమువారి ఏడిప్ పథకమున 2014 నాటి సవరణము ఒక్కొక్క యంత్రమునకు 6 లక్షల రూపాయల వరకు అనుమతించినది. తల్లి పిలుపునకు బిడ్డ తొలిసారి తల త్రిప్పుట చూచినవారెవ్వరును ఈ ధనమును దండుగ యనజాలరు. మేమును అనము. అయితే ఆ బిడ్డయే, తోడి పిల్లలు వీథిలో పరుగిడుచుండగా అరుగు పట్టుకొని నిలుచుటయు, చీకటి పడినంతనే తూలుటయు, మెట్లు దిగుటకు జంకుటయు చూచుచుండియు, దీనికిని చెవికిని సంబంధము గలదని గ్రహించువారరుదు. పిల్లవాడు పిరికివాడందురు. బలము చాలదని గ్రుడ్లును పాలును పెట్టుదురు. బడిలో పంతులు సోమరి యని కసరును.

కర్ణేంద్రియము వినికిడికి మాత్రమే యేర్పడినది కాదు. కణత యెముకలో తొలిచినట్లున్న అంతఃకర్ణమున నత్తగుల్లవంటి కర్ణావర్తము ధ్వనిని గ్రహించును. దాని నానుకొనియే మూడు అర్ధవృత్తాకార కుల్యలును రెండు చిన్న సంచులును కలవు. తల తిరిగినపుడు కుల్యలలోని ద్రవము కదలును. తల వంగినపుడు సంచులలోని సున్నపు రేణువులు భూమ్యాకర్షణకు లోబడి జరుగును. ఏది మీదు, ఏది క్రిందు అను జ్ఞానము శరీరమునకు చాలవరకు ఇచ్చట నుండియే కలుగుచున్నది. ఈ రెండు భాగముల రోమకణములు ఒకే జాతివి. రెంటి వార్తలను మెదడునకు కొనిపోవునది ఎనిమిదవ కపాలనాడియే. కావున మెదడుపొరల వాపు జ్వరము గాని, గర్భమందే సోకిన సైటోమెగాలో వైరసు గాని, వంశపారంపర్య దోషము గాని వినికిడిని హరించినపుడు పొరుగుననున్న ఈ తూనికను కూడ తరచుగ చెరచును.

ఈ సంగతి నిన్న మొన్న తెలిసినది కాదు. అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్సు 1882లో 519 మంది బధిరులను గూర్చి విచారింపగా, గిరగిర త్రిప్పినను తల తిరుగుట యన్నది లేనివారు 186 మంది తేలిరి. వినికిడిగల విద్యార్థులు, అధ్యాపకులు సుమారు 200 మందిలో అట్టివాడు ఒక్కడే. అంతఃకర్ణపు ఈ భాగమును పరిశోధించిన వియన్నా వైద్యుడు బారానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమాన మొసగబడినది. ఇంతకాలము గడచినను, మన ఇండ్లలో చెవిటితనమనగా మాట రాకపోవుట యనియే భావించుచున్నాము.

ఇంప్లాంటు వినికిడినిచ్చును, తూనికను మరల నీయదు. కొందరిలో తీగను కర్ణావర్తమున చొప్పించునపుడు మిగిలియున్న తూనికకును కొంత హాని కలుగవచ్చును. ఇది చెప్పి తలిదండ్రులను శస్త్రచికిత్సకు వెనుదీయించుట మా యుద్దేశము కాదు. లేతమెదడు మిక్కిలి ఉపాయము గలది. లోపమును కన్నులతోను పాదస్పర్శతోను పూడ్చుకొనును. పట్టపగలు చదునైన నేలమీద నడచునపుడు ఆ బిడ్డ లోపము పరులకు తోచదు. దీపమారినను, కాలిక్రింద ఇసుకయో బురదగట్టో యైనను ఆ యూతలు తొలగిపోవును. అట్టి పిల్లలు తరచుగ పడుదురు. రెండు చెవుల తూనికయు కోల్పోయిన పిల్లలలో ఇంప్లాంటు చెడిపోవుట అధికమని కెనడాలోని టొరంటో బాలవైద్యశాల పరిశోధకులు కనుగొనిరి. తలకు తగులు దెబ్బలు కారణము కావచ్చునని వారి యూహ. లక్షలు వెచ్చించి యమర్చిన యంత్రమును గూర్చి ఈపాటి విచారమైనను వలదా?

అన్నిటికంటె నీటి భయము పెద్దది. నీటిలో తల మునిగినపుడు పాదమునకు నేల లేదు, కంటికి గురుతు లేదు. తూనిక లేని బిడ్డకు పైకి దారి యెటో తెలియదు. నీట మునిగినపుడు దిక్కు తోచదని జేమ్సు విచారించిన బధిరులలో కొందరు ఆనాడే చెప్పిరి. స్నానమునకు దిగునపుడు చెవి వెనుకనుండు బాహ్యయంత్రమును సాధారణముగ తీసివేయుదురు గనుక గట్టునుండి వేయు కేక కూడ వానికి చేరదు. చెరువులు, కాలువలు, దిగుడుబావులు గల మన గ్రామములలో ఈ హెచ్చరికను వైద్యుడు తల్లికి నోటితో చెప్పి, చీటిమీద వ్రాసి యీయవలెను.

మేనరికములను గూర్చి యొకమాట చెప్పుట అప్రియమే యైనను తప్పదు. తలిదండ్రులిద్దరినుండియు సంక్రమించు చెవిటితనము దగ్గర చుట్టరికపు వివాహములందు హెచ్చు. ఆస్తి చెదరకుండ చేయు పెండ్లిండ్లలో ఈ వెలను ఎవ్వరును లెక్కగట్టరు. అట్టి వ్యాధులలో అషర్ వ్యాధి మొదటి రకమున బిడ్డ పుట్టుకతో చెవిటిది. ఏడాదిన్నర గడచినను నడవదు. పెరుగుకొలది రేచీకటి మొదలై చూపును క్షీణించును. ఆలస్యపు నడకను మొదటనే గమనించినచో రాబోవు కంటిచేటును ముందుగ పసిగట్టుటకు వీలు కలుగును.

పరీక్షకు గొప్ప పరికరములే కావలయునని లేదు. మెడ నిలిపినదెప్పుడు, నడచినదెప్పుడు అని తల్లిని అడుగుట, కొంచెము పెద్ద బిడ్డనైన కన్నులు మూయించి ఒంటికాలిపై నిలువబెట్టుట ఏ చిన్న వైద్యశాలలోనైన సాధ్యమే. అనుమానము కలిగినవారిని పెద్ద వైద్యశాలకు పంపవచ్చును. అభ్యాసములును ఖరీదైనవి కావు: గీతమీద నడిపించుట, ఉయ్యాల, తొక్కుడుబిళ్ల, తల త్రిప్పుచు ఎదుటి బొమ్మపై చూపు నిలుపుట. ఇట్టి అభ్యాసముల వలన పిల్లల నిలుకడ మెరుగగునని పరీక్షలలో తేలినది. సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రముగల అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారును, రెండు తెలుగు రాష్ట్రముల ఆరోగ్యశాఖలవారును శస్త్రచికిత్సకు ముందొకమారు, పిదప నొకమారు ఈ పరీక్షను విధిగా నిర్ణయింపవలెను. వాక్శిక్షణకై తల్లి బిడ్డను ఎత్తుకొని బస్సెక్కి ఎట్లును వచ్చుచున్నది. ఆ గంటలో పది నిమిషములు బిడ్డను నేలమీద నడిపించుటకు కేటాయించిన చాలును.