ముసలి గుర్రానికి ఎంత బరువు?

తెలుగు పంతులుకు గుర్రప్పందేలతో పనేమిటని మిత్రులు కొందరు నొసలు చిట్లించవచ్చు. పందెం కాయడం నాకు అలవాటు లేదు. దానిని సమర్థించే ఉద్దేశమూ లేదు. ఆ విషయంలో మనకు పాఠం చెప్పడానికి ధర్మరాజు ఒక్కడు చాలు. అయితే గుర్రప్పందెం కేవలం అదృష్టం మీద నడిచేది కాదనీ, ప్రధానంగా నైపుణ్యం మీద నడిచేదనీ 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నైపుణ్యం ఉన్నచోట దానిని కొలిచే కొలబద్ద కూడా ఉండాలి. ఆ కొలబద్ద వయస్సు మళ్ళిన గుర్రానికి న్యాయం చేస్తున్నదా అన్నదే ఈ టపాలో నా ప్రశ్న. చేయడం లేదని నా అభిప్రాయం.

మా బాటసింగారం మీదుగా పోయే విజయవాడ రహదారిని పట్టుకొని పడమటికి పోతే హయత్‌నగర్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దాటిన తరువాత మలక్‌పేట రేసుకోర్సు వస్తుంది. 1868 నాటికే మౌలాలీలో సాగుతుండిన పందేలను 1886లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఇక్కడికి మార్పించాడు. అదే దారిన తూర్పుకు పోయి, సూర్యాపేట దాటి, కోదాడ నుంచి దక్షిణానికి తిరిగితే మేళ్ళచెరువు. అక్కడి శంభులింగేశ్వరస్వామి శివరాత్రి జాతరలో ఎడ్ల బండలాగుడు పోటీలు ప్రసిద్ధం. ఒకే దారికి అటు గుర్రం, ఇటు ఎద్దు. రెండుచోట్లా వయస్సుకు ఒక లెక్క ఉన్నది. ఆ లెక్కలు మాత్రం వేరు.

ఎడ్ల లెక్క నోటిలో ఉంటుంది. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్లు, సీనియర్లు అని విభాగాలు. పోటీ నడిపే పెద్దలు ఎద్దు నోరు విప్పి చూసి, ఏ జత ఏ విభాగానికి చెందుతుందో తేలుస్తారు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఒక విభాగంలోని జతలన్నీ ఒకే బండను లాగుతాయి. నిర్ణీత సమయంలో ఎక్కువ దూరం లాగిన జతది గెలుపు. నిరుడు గెలిచినదా, ఓడినదా అన్న ప్రశ్న లేదు. పంతుళ్ళ భాషలో చెప్పాలంటే ఇది వయస్సును బట్టి తరగతిలో కూర్చోబెట్టే పద్ధతి.

గుర్రపు లెక్క కాగితం మీద ఉంటుంది. ప్రతి గుర్రానికీ దాని పరుగులను చూసి హ్యాండికాపర్ అనే అధికారి ఒక అంకె వేస్తాడు. దానినే రేటింగు అంటారు. మన హైదరాబాదు పందేలలో 25 వరకు రేటింగు ఉన్నవి అట్టడుగు శ్రేణి, 80కి పైబడినవి పై శ్రేణి. ఒకే పందెంలో పరుగెత్తే గుర్రాలలో రేటింగు ఎక్కువ ఉన్నదాని మీద బరువు ఎక్కువ పెడతారు. మన దేశంలో ఒక అంకెకు అరకిలో చొప్పున లెక్క. అంటే 80 రేటింగు గుర్రం 60 రేటింగు గుర్రం కంటె పది కిలోలు అదనంగా మోయాలి. జాకీ తేలికగా ఉంటే జీనులో సీసపు పలకలు చేర్చి ఆ లోటు పూరిస్తారు. బలవంతుని మీద బరువు పెట్టి బలహీనుణ్ణి సమం చేయడం ఇందులోని ఆంతర్యం. చూడటానికి ఇది చక్కని న్యాయమే.

చిక్కు వయస్సు దగ్గర వస్తుంది. పంతొమ్మిదవ శతాబ్దం నడుమ ఇంగ్లండులో రౌస్ అనే నౌకాదళాధికారి, ఏ వయస్సు గుర్రానికి ఏ నెలలో ఎంత బరువు తగ్గించాలో ఒక పట్టిక కట్టాడు. కాలానుగుణమైన మార్పులతో ఆ పద్ధతి నేటికీ నడుస్తున్నది. మూడేళ్ళ గుర్రం పెద్దవాటితో పరుగెత్తితే దానికి రాయితీ ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ అది తరిగి, గుర్రానికి నాలుగైదేళ్ళు వచ్చేసరికి సున్నా అవుతుంది. ఆ తరువాత పట్టికలో ఏమీ లేదు. అయిదేళ్ళ గుర్రమూ, పదేళ్ళ గుర్రమూ దానికి ఒకటే. ఎదిగే వయస్సుకు నెలనెలకూ మెట్లు కట్టిన ఆ పట్టిక, ఒరిగే వయస్సుకు ఒక్క మెట్టయినా కట్టలేదు. మన ఎడ్ల పద్ధతిలోనూ ఇదే లోపం ఉన్నది. నాలుగైదేళ్ళకు ఎనిమిది పళ్ళూ వచ్చి కడనోరు అయిన తరువాత ఆరేళ్ళ ఎద్దుకూ పన్నెండేళ్ళ ఎద్దుకూ భేదం చూపే విభాగం లేదు.

ముసలి గుర్రానికి రేటింగు తగ్గదా అంటే, తగ్గుతుంది. కానీ ఎలా తగ్గుతుంది? ఓడితే తగ్గుతుంది. ఒక ఊహ చేద్దాం. 80 రేటింగు ఉన్న గుర్రానికి ఎనిమిదవ ఏట కాళ్ళ పటుత్వం సడలి, నిజమైన శక్తి 65కు దిగిందనుకోండి. ఓడినప్పుడల్లా మూడు అంకెలు తగ్గిస్తే, దాని బరువు దాని శక్తికి సరిపోవడానికి అయిదు పరాజయాలు కావాలి. మొదటి పరుగులో అది ఏడున్నర కిలోలు అధికంగా మోస్తుంది. ఆ బరువు దాని నేటి శక్తికి కొలత కాదు, నిన్నటి కీర్తికి పన్ను. పైగా గుర్రపు ముంగాళ్ళ వెనుక ఉండే స్నాయువులు వయస్సుతో, శ్రమతో నలుగుతాయి. ఒకసారి దెబ్బతిన్న స్నాయువు మానినా పూర్వపు సాగుదల రాదు. అధికభారం పడేది సరిగా ఆ కాళ్ళ మీదనే.

బండి కట్టి పరుగెత్తించే గుర్రాల పందేలలో ఈ అన్యాయం మరింత తేటగా కనబడుతుంది. అక్కడ వీపు మీద బరువు పెట్టే పద్ధతి పొసగదు. అందువలన దూరంతో సమం చేస్తారు. ఫ్రాన్సులో అనేక పందేలలో, అంతవరకు ఎక్కువ బహుమతి ధనం సంపాదించిన గుర్రాన్ని 25 మీటర్లు వెనుక నిలబెడతారు. జీవితమంతా కూడబెట్టిన మొత్తం పెరుగుతుందే గాని తరగదు కదా! వయస్సు మీదపడినా ఆ గుర్రం గీతకు వెనుకనే నిలబడాలి. మన రేటింగు దీనికంటె మెరుగే, ఆలస్యంగానైనా దిగివస్తుంది గనుక.

ఎదుటి పక్షం వాదనను కూడా తూచాలి. గుర్రం ఎదిగే వేగంకంటె తరిగే వేగం తక్కువ. నాలుగైదేళ్ళకు శిఖరాన్ని అందుకొని, తరువాత నెమ్మదిగా దిగుతుంది. కనుక రేటింగు కూడా నెమ్మదిగా దిగితే తప్పేమిటని కొందరు అంటారు. సగటున అది నిజమే. కానీ పందెంలో పరుగెత్తేది సగటు కాదు, ఒక్కొక్క గుర్రం. ఒక గాయం చాలు, మూడేళ్ళ క్షయాన్ని మూడు వారాలలో తేవడానికి.

రెండవ వాదన బలమైనది. వయస్సు పేరు చెప్పి రేటింగును త్వరగా తగ్గిస్తే, యజమానులు గుర్రాన్ని కావాలని రెండుసార్లు ఓడించి, తేలిక బరువుతో మూడవసారి గెలిపించుకుంటారన్న భయం. ఈ భయం నిరాధారం కాదు. పందెం ఉన్నచోట కపటం ఉంటుంది. హ్యాండికాపర్ చేయి బిగపట్టి అంకెలు తగ్గించడానికి కారణం ఇదే. అయితే ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. కపటం చేసేది మనిషి. దానికి విరుగుడుగా అదనపు బరువు మోసేది గుర్రం. ఒకరి దొంగతనానికి మరొకరికి శిక్ష వేసే స్మృతి ఏ ధర్మశాస్త్రంలోనూ లేదు.

నా సూచన ఇది. వయస్సు మళ్ళిన గుర్రం విషయంలో పరాజయాన్నే ఏకైక సాక్ష్యంగా తీసుకోరాదు. దేహాన్ని కూడా సాక్షిగా పిలవాలి. ఏడేళ్ళు దాటిన ప్రతి గుర్రాన్నీ సీజను మొదట్లో యజమానితో సంబంధం లేని పశువైద్యుడు పరీక్షించాలి. కాళ్ళు, శ్వాస, నడక చూసి ఆయన ఇచ్చిన నివేదికను హ్యాండికాపర్ ముందు పెట్టాలి. శక్తి తగ్గిందని తేలితే పందెంలోకి దించకముందే రేటింగు తగ్గించాలి. పరుగుకే పనికిరాదని తేలితే ఇక దించనే కూడదు. యజమాని అబద్ధమాడగలడు, జాకీ కళ్ళెం బిగించగలడు. వాచిన కాలు మాత్రం అబద్ధమాడదు.

ఇది మనకు కొత్త సంగతీ కాదు. గుర్రపు పళ్ళమీద కాలక్రమంలో వచ్చే రంగులకు కాలిక, హరిణి, శుక్ల అని పేర్లు పెట్టి, వాటిని బట్టి వయస్సు చెప్పిన అశ్వశాస్త్రం మనది. విరాటుని కొలువులో దామగ్రంథి పేరుతో చేరిన నకులుడు గుర్రాలకు శిక్షణ ఇవ్వడమే కాక వైద్యమూ తెలిసినవాడు. మేళ్ళచెరువు రైతు ఎద్దు నోరు విప్పి చూసినట్లే మలక్‌పేటలో గుర్రపు కాలు పట్టి చూడాలి. ఆ రైతు పద్ధతికి కూడా కడనోటి తరువాత మరొక మెట్టు చేర్చాలి.

మన జాతకాలకు ఒక పుట్టినరోజు, బడి రిజిస్టరుకు మరొక పుట్టినరోజు ఉన్నట్లే పందెపు గుర్రాలకూ ఒక కల్పిత జన్మదినం ఉన్నది. ఏ నెలలో పుట్టినా మన దేశంలో జనవరి 1వ తేదీన అన్నిటికీ ఒక ఏడు పెరుగుతుంది. వయస్సును ఇంత జాగ్రత్తగా లెక్కపెట్టేవారు, ఆ లెక్కను పసితనానికి మాత్రమే వాడి ముదిమికి వాడకపోవడం నాకు రుచించలేదు. పందేలు చూసిన అనుభవం, పశువుల పోషణ తెలిసిన మిత్రులు తమ అభిప్రాయం వ్రాయగలరు. విభేదించినా సంతోషమే.