ఎర్ర గొంగళి పురుగు: ఒక పేరు వెనుక ఎన్ని జాతులు?

ఆమడగూరు, కదిరి ప్రాంతాల మెట్ట భూముల్లో వేరుశనగ రైతుకు “ఎర్ర గొంగళి పురుగు” అన్న పేరు చాలు. విస్తరణ శాస్త్రవేత్తకు అది చాలదు. టైగర్ మాత్‌లలో ఆమ్సాక్టా ఆల్బిస్ట్రైగా, ఆమ్సాక్టా మూరై రెండూ ఈ పేరుతోనే చెలామణి అవుతున్నాయి. ఒక్కొక్కప్పుడు బీహారు గొంగళి పురుగునూ ఇందులోనే కలిపివేస్తున్నారు.

ఈ కలగలుపు వలన నష్టం సలహా దగ్గరే మొదలవుతుంది. ఆమ్సాక్టా కోశస్థ దశలో గట్ల వెంట, చెట్ల నీడన మట్టిలో నెలల తరబడి సుప్తావస్థలో ఉండి, తొలకరి వర్షం కురిసిన ఒకటి రెండు రోజుల్లో రెక్కల పురుగుగా వెలువడుతుంది.  వేసవి దుక్కులు, దీపపు ఎరలు, ఊరంతా ఒకే రాత్రి వేసే మంటలు ఫలించేది ఈ స్వభావం వల్లనే. ఏడాదికి అనేక తరాలు పూర్తిచేసే బీహారు గొంగళి పురుగుకు అదే తొలకరి సలహా ఇస్తే రైతు శ్రమ వృథా అవుతుంది.

వర్గీకరణ కూడా మారింది. పూర్వపు ఆర్క్టిడే కుటుంబం ఇప్పుడు ఎరిబిడే కుటుంబంలో ఆర్క్టినే అనే ఉపకుటుంబం. మన కరపత్రాల్లో, సిద్ధాంత వ్యాసాల్లో పాత పేరే కొనసాగుతున్నది. ఇది మ్యూజియం పండితుల వివాదమని కొందరంటారు. రైతు వేసే మంటకు సంబంధించినంతవరకు ఆ మాట నిజమే. విద్యార్థికి మాత్రం కాదు. పాత గ్రంథాల్లో ఆమ్సాక్టా లాక్టీనియాగా ఉన్నది నేడు ఏలోవా లాక్టీనియా. బీహారు గొంగళి పురుగు డయాక్రిసియా, స్పైలోసోమా, స్పైలార్క్టియా అనే మూడు ప్రజాతి నామాల కింద చెదిరి ఉంది. ఒక్క పేరుతో వెదికేవారికి చాలా సమాచారం దొరకదు.

జీవ నియంత్రణలో జాతి నిర్ణయం మరింత కీలకం. న్యూక్లియర్ పాలీహెడ్రోసిస్ వైరస్‌లు సాధారణంగా కొద్ది జాతులకే సోకుతాయి. ఆమ్సాక్టా మూరై పేరు మోస్తున్న ఎంటమోపాక్స్ వైరస్ జన్యుపటం 2000లోనే వెలువడింది. ఆ వైరస్‌ను ఎరిగినంతగా ఆ పురుగును మన పొలంలో ఎరుగమేమో!

గొంగళి దశలో రంగు ఒక్కటే చూసి జాతిని నిర్ణయించరాదు. రెక్కల పురుగు ముందు రెక్క పై అంచున పసుపు చార ఉంటే ఆల్బిస్ట్రైగా, ఎరుపు చార ఉంటే మూరై. తొలకరి రాత్రి దీపపు ఎరలో పడిన వాటిలో పదింటినైనా ఎండబెట్టి, ఊరు, తేదీ, పంట రాసి, కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం వంటి చోట భద్రపరచాలి. నివేదికలో కొత్త పేరు పక్కన పాత పేరూ ఉండాలి.