బోరుకొచ్చిందా... ఒక్క నిమిషం!

సోమవారం వచ్చిందంటే వేములవాడలో తెల్లవారకముందే సందడి. ఒకవైపు కోడె మొక్కులు, మరోవైపు తిప్పాపూర్ బస్టాండు దగ్గర భక్తుల కోసం ఆటోల వరసలు. ఆ వరసలో ఒక బండి స్టార్టయి, వెనకాల నీలిపొగ గుప్పుమందనుకోండి. పక్క డ్రైవరు ఇట్టే తేల్చేస్తాడు... 'అన్నా, నీ బండి బోరుకొచ్చిందే!'

ఆ ఒక్క మాటకే యజమాని గుండె గుభేలుమంటుంది. ఇంజిన్ విప్పితే వేలల్లో ఖర్చు. విప్పినన్ని రోజులూ కిరాయి ఉండదు. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. కారున్న కుటుంబానికైనా అది పెద్ద దెబ్బే. అందుకే స్పానర్ పట్టకముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

పొగకూ భాష ఉంది

పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టమే సిలిండర్. దాని లోపలి గోడనే మెకానిక్కులు బోరు అంటారు. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. ఆ సందును రింగులు మూసి ఉంచుతాయి. గోడ అరిగినా, గీతలు పడినా ఆయిల్ పైకి చేరి మండుతుంది. నీలిపొగకు కారణం అదే. నల్లపొగ అయితే ఇంధనం ఎక్కువవుతోందని అర్థం. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి కారుతోందని అనుమానించాలి.

నీలిపొగ వచ్చినంత మాత్రాన బోరు పోయినట్టేనా? కాదు. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త పొగ వదిలి ఊరుకుంటే, తప్పు వాల్వ్ సీళ్లది కావచ్చు. అది చాలా చిన్న పని. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ పొగ వస్తుంటే అప్పుడు రింగుల్నీ బోరునూ అనుమానించాలి.

చెంచాడు ఆయిల్ పరీక్ష

అనుమానం తీర్చేది కంప్రెషన్ పరీక్ష. పెట్రోల్ కారులో ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం, కరెంటు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడుతూ ఒక్కో సిలిండర్‌కూ గేజ్ పెట్టి చూస్తారు. కంపెనీ చెప్పిన అంకెతో పోల్చాలి. సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం దాటకూడదు. ఒకటి బాగా తక్కువ చూపిందా... అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే ఆ ఆయిల్ రింగుల సందు మూసిందన్నమాట. అంటే లోపం రింగుల్లోనో బోరులోనో. పెరగకపోతే వాల్వుల్ని, హెడ్ గ్యాస్కెట్‌ను చూడాలి.

ఇంకా గట్టి పరీక్ష లీక్‌డౌన్. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చెవి పెట్టి వినడమే. ఆయిల్ పోసే మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు, బోరు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్!

పోర్షెకూ తప్పలేదు

ఈ తిప్పలు ఆటోలకే కాదు, ఖరీదైన స్పోర్ట్స్ కార్లకూ ఉన్నాయి. 2004లో వచ్చిన 997 తరం పోర్షె 911 తొలి మోడళ్లలో కొన్నింటికి సిలిండర్ గోడపై గీతలు పడ్డాయి. వేడెక్కాక టకటక శబ్దం, తగ్గిపోయే ఆయిల్, ఒక సైలెన్సర్ గొట్టం రెండోదానికన్నా నల్లగా మారడం... ఇవీ లక్షణాలు. చిత్రమేమిటంటే గీతలు పడ్డా కంప్రెషన్ ఒక్కోసారి బాగానే చూపిస్తుంది. అందుకే సన్నని కెమెరాను లోపలికి పంపి చూస్తారు. ఇంజిన్‌కు ఎండోస్కోపీ అన్నమాట.

దాని గోడ మామూలు ఇనుము కాదు, సిలికాన్ కలిసిన అల్యూమినియం. లేత్ షాపులో బోరు కొట్టిస్తే సరిపోదు. పాత గోడను చెక్కి కొత్త స్లీవ్ వేస్తారు. ఆ స్లీవ్‌కు నికాసిల్ పూత వేయడం ఒక పద్ధతి. నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన ఈ పూతను జర్మనీకి చెందిన మాలె కంపెనీ 1967లో తెచ్చింది. అంత గట్టి పూత కూడా 1990ల్లో కొన్ని బీఎండబ్ల్యూ ఇంజిన్లలో పెట్రోల్‌లోని గంధకానికి దెబ్బతింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ఇంధనంలో గంధకాన్ని 10 పీపీఎంకు తగ్గించారు.

కొలిచాకే కోత

మన బండ్లలో ఇనుప బోరైతే పని తేలికే. పైన, మధ్యన, కింద రెండేసి దిక్కుల్లో బోరు గేజ్‌తో కొలవాలి. అరుగుదల పరిమితి లోపలే ఉంటే హోనింగ్, కొత్త రింగులు చాలు. దాటితే బోరు కొట్టించి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు. అదీ కుదరకపోతే స్లీవ్. కొలవకుండా అరిగిన బోరులో కొత్త రింగులు వేయించుకుంటే డబ్బూ పోతుంది, పొగా పోదు.

అన్నిటికన్నా ముఖ్యం... బోరు ఎందుకు పోయిందో తేల్చడం. చిరిగిన ఎయిర్ ఫిల్టర్‌లోంచి దుమ్ము వెళ్లిందా? ఆయిల్ అడుగంటిందా? ఇంజిన్ బాగా వేడెక్కిందా? ఆ కారణం అలాగే ఉంటే కొత్త బోరుకూ అదే గతి. పని అయ్యాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఎక్కువ బరువు వేయకుండా, ఇంజిన్‌ను గట్టిగా లాగకుండా నడపాలి. తొలి ఆయిల్ త్వరగా మార్చాలి.

మెకానిక్ దగ్గర బండి వదిలేముందు 'ఎంతవుతుందన్నా?' అని అందరూ అడుగుతారు. దానికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది... 'గేజ్ పెట్టి చూసినవా అన్నా?'