తిలక్ మార్గ్ నుంచి తండా దాకా

మాచర్ల నియోజకవర్గం పేరు సుప్రీంకోర్టులో వినబడటం ఈ మధ్య మామూలైపోయింది. 2024 మే 13న పోలింగ్ రోజు రెంటచింతల మండలం పాల్వాయిగేటులో ఈవీఎం పగిలిన వ్యవహారం మొదట వెళ్లింది. అప్పటి ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి ఓట్ల లెక్కింపు కేంద్రం దరిదాపులకు వెళ్లకూడదని జూన్ 3న కోర్టు ఆదేశించింది. ఏడాది తిరిగేసరికి వెల్దుర్తి మండలం వంతు వచ్చింది. గుండ్లపాడుకు చెందిన ఇద్దరు 2025 మే 24న బోదిలవీడు దగ్గర హత్యకు గురయ్యారు. ఆ కేసులో నిందితులుగా చేర్చిన పిన్నెల్లి సోదరులకు హైకోర్టు ముందస్తు బెయిల్ ఇవ్వలేదు. సుప్రీంకోర్టు సెప్టెంబర్‌లో తాత్కాలిక రక్షణ ఇచ్చి, నవంబర్ 28న పిటిషన్లు కొట్టేసి, రెండు వారాల్లో లొంగిపొమ్మంది. డిసెంబర్ 11న వారు మాచర్ల కోర్టులో లొంగిపోయారు. రాజకీయ కక్షతో ఇరికించారన్నది వారి వాదన. నేరం ఎవరిదో తేల్చాల్సింది విచారణ కోర్టు కాబట్టి దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

చూడాల్సింది వేరే ఉంది. చట్టంలో ఉన్న మెట్లన్నీ ఆ కేసులో ఒక్కొక్కటిగా ఎక్కారు. హక్కుంది, ఎక్కారు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. అదే మండలంలో ఏ గట్టు తగాదాలోనో మిరపకోతల కూలీ ఒకడు అరెస్టయితే అతనికి సుప్రీంకోర్టు అంటే ఎవరు? స్టేషన్‌లో కేసు కాగితాలు రాసే రైటరు. భూమి తగాదా అయితే తహసీల్దార్ ఆఫీసు, రిజిస్ట్రేషన్ అయితే దస్తావేజు రాసే లేఖరి. సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యమని రాజ్యాంగం 141వ అధికరణం అంటుంది. అధికారులంతా దానికి తోడ్పడాలని 144వ అధికరణం అంటుంది. ఆ తోడ్పాటు ఎక్కడిదాకా వస్తున్నదో తెలియాలంటే ఈమధ్యటి తీర్పుల్ని ఢిల్లీలో సుప్రీంకోర్టు ఉన్న తిలక్ మార్గ్‌లో కూర్చుని చదివితే చాలదు, వెల్దుర్తిలో కూర్చుని చదవాలి. అలా చదివితే నాకు కనబడింది ఇది: కింది ఉద్యోగి చేతికి ఫలానా కాగితం, ఫలానా గడువు అని ఒక పని అప్పగించిన తీర్పు ఊరి దాకా వస్తుంది. హితవు చెప్పి ఊరుకున్న తీర్పు జిల్లా కేంద్రం నరసరావుపేట కూడా దాటదు.

అరెస్టుల సంగతే తీసుకోండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో కోర్టు చెప్పింది. అరెస్టు అవసరమెందుకో కారణాలు రాయాలంది. రాయకుంటే పోలీసు అధికారి మీద, గుడ్డిగా రిమాండ్ విధిస్తే మేజిస్ట్రేట్ మీద చర్యలుంటాయంది. దాని పుణ్యమా అని, అరెస్టుకు బదులు హాజరు కమ్మని ఇచ్చే ‘ఫార్టీ వన్ ఏ నోటీసు’ అన్న మాట పల్లెల్లో రచ్చబండ దాకా పాకింది. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 35(3) అయింది కానీ జనం నోట్లో పాత పేరే నిలిచింది. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నోటీసు అనే కాగితం ఉంది గనుక ఆ తీర్పు ఊరు చేరింది. కారణాలు ఆలోచించి రాయాలన్న భాగం మాత్రం చాలాచోట్ల అచ్చుఫారంలో టిక్కులు పెట్టడంగా మిగిలింది. కారణం ఆలోచించాడో లేదో పై నుంచి చూసేవాళ్లకు కనబడదు మరి.

అందుకే 2025 నవంబర్ 6న మిహిర్ రాజేష్ షా కేసులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయ్, జస్టిస్ మసీహ్ ఇచ్చిన తీర్పును నేను ఎక్కువ పట్టించుకుంటాను. ముంబయి వర్లీలో బీఎండబ్ల్యూ కారు ఢీకొని ఒకామె చనిపోయిన కేసు అది. పలుకుబడి గల ఇంటి కుర్రాడి పిటిషన్ మీద వచ్చిన తీర్పే అయినా దాని ఫలం అతనొక్కడికే దక్కేది కాదు. ఏ చట్టం కింద అరెస్టు చేసినా సరే, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అప్పటికప్పుడు రాసివ్వడం కుదరకపోతే నోటితో చెప్పవచ్చు గానీ, రిమాండ్ కోసం మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందు కాగితం చేతిలో పెట్టాలి. లేకపోతే ఆ అరెస్టు, ఆ రిమాండ్ చెల్లవు, మనిషిని వదిలేయాలి.

దీన్ని వెల్దుర్తికి అన్వయించి చూడండి. తండాలో ఇంట్లో మాట్లాడేది లంబాడీ, బడిలోనూ బజారులోనూ తెలుగు. కోర్టుకు వెళ్లే రిమాండ్ రిపోర్టు ఇంగ్లిషులో ఉన్నా ఇన్నాళ్లూ అడిగిన నాథుడు లేడు. వేలిముద్ర వేసే ముసలాయన చేతిలో ఇంగ్లిషు కాగితం పెట్టి కారణాలు తెలియజేశామంటే ఇక కుదరదు. తెలుగులో రాసినంత మాత్రాన కూడా పని పూర్తయినట్టు కాదు, చదవలేనివాడికి చదివి వినిపించాలి. రెండు గంటలన్నది గడియారం చూసి లెక్కపెట్టగలిగే గడువు. కాగితం ఇచ్చిన సమయం, సంతకం రికార్డులో లేవంటే మాచర్ల కోర్టులో ఏ జూనియర్ లాయరైనా లేచి అడగగలడు. అంత స్పష్టత ఉంది గనుకే ఈ తీర్పు మీద నాకు ఆశ. ఆ ప్రశ్న అడిగే లాయరు రిమాండ్ వేళకు అక్కడ ఉండాలన్నది ఇందులోని చిక్కు. దాన్ని తీర్పు తీర్చలేదు, న్యాయసేవా సంస్థలు తీర్చాలి.

స్పష్టత ఉన్నా డబ్బూ నిఘా లేకపోతే ఏమవుతుందో సీసీ కెమెరాల కథ చెబుతుంది. ప్రతి స్టేషన్‌లోనూ మాట కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని, దృశ్యాలు కనీసం ఏడాది భద్రపరచాలని 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశాలొచ్చాయి. అయిదేళ్లు గడవబోతుండగా, రాజస్థాన్ కస్టడీ మరణాల మీద పత్రికలో వచ్చిన వార్త చూసి అదే కోర్టు 2025 సెప్టెంబర్‌లో తనంతట తానే మళ్లీ కేసు తీసుకుంది. తన తీర్పు అమలు కాలేదన్న కబురు కోర్టుకు కూడా పేపర్లోనే తెలియాలా?

ఎస్సీ వర్గీకరణ తీర్పు దారి వేరు. దాన్ని మోసుకెళ్లడానికి రాజకీయం కాచుకుని కూర్చుంది. 1994లో పక్కనే ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా ఒత్తిడితో రాష్ట్రం తెచ్చిన 2000 నాటి చట్టాన్ని, 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో అయిదుగురు న్యాయమూర్తులు కొట్టేశారు. 2024 ఆగస్టు 1న ఏడుగురిలో ఆరుగురు ఆ పాత తీర్పు తప్పని తేల్చారు. 2025లో ఆంధ్రప్రదేశ్ 59 కులాల్ని మూడు గ్రూపులు చేసి 1, 6.5, 7.5 శాతం చొప్పున పంచింది. తెలంగాణ తన లెక్కలు తాను వేసుకుంది. తీర్పు సరైనదనే నా అభిప్రాయం. ఆ తీర్పు విని సంబరపడ్డవాళ్లలో 2004లో పాతికేళ్లున్న నిరుద్యోగికి 2024లో నలభై అయిదు. ఉద్యోగ ప్రకటనలో వయోపరిమితి గడి ఏ రాజ్యాంగ ధర్మాసనం కోసమూ ఆగదు. తప్పు దిద్దుకున్నామని గర్వంగా చెప్పుకునే సంస్థ, దిద్దుకోవడానికి పట్టిన ఇరవై ఏళ్లూ ఎవరి ఖాతాలో పడ్డాయో కూడా చెప్పాలి.

గనుల మీద రాష్ట్రాలు పన్ను వేసుకోవచ్చని, రాయల్టీ పన్ను కాదని 2024 జులై 25న తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది చెప్పారు. పల్నాడు సున్నపురాయికీ సిమెంటు కంపెనీలకూ అది పెద్ద సంగతే. దాని రూపాయి మనదాకా వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి నాలుగువందల ఎకరాల్లో చెట్లు కొట్టేస్తుంటే 2025 ఏప్రిల్ 3న కోర్టు అడ్డుపడ్డ వేగం మాత్రం మెచ్చుకోదగిందే. ఐటీ కారిడార్ పక్కన ఉన్న అడవి టీవీలో కనబడుతుంది. నల్లమల అంచున అడవిలో నుంచి పైపు వేయాల్సిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకం అనుమతుల కోసం ఎన్నేళ్లు పడిగాపులు కాసిందో వెల్దుర్తి రైతును అడగాలి.

ఇక ఆడపిల్ల ఆస్తి. ఈ మండలానికి సంబంధించి నాకు అన్నిటికంటే ముఖ్యమైనదీ, పేపర్లలో అన్నిటికంటే తక్కువ చోటు దొరికిందీ ఇదే. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చింది. దేశం ఆ మాట 2005లో అంది. తండ్రి ఎప్పుడు పోయాడన్నదానితో పనిలేకుండా ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముడి విప్పేసింది. కాగితం మీద అంతా బాగుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర జరిగేది ఇంకొకటి. ‘పసుపు కుంకుమలకు లోటు చేయం లేమ్మా, ఇక్కడో సంతకం పెట్టు’ అని అన్న అంటాడు. చెల్లెలు హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెడుతుంది. రేపు పండక్కి పుట్టింటి గడప తొక్కాలిగా! వదులుకోవడానికైనా ఆమెకో హక్కుంది, దాని కోసం ఆమె సంతకం కావాలి. తండా ఆడపిల్లకు ఆ పాటి సంతకం అవసరం కూడా లేదు.

ఎందుకంటే హిందూ వారసత్వ చట్టం రెండో సెక్షన్, రెండో ఉపసెక్షన్ ప్రకారం ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. ఎన్టీఆర్ చట్టమైనా, వినీతా శర్మ తీర్పయినా తండా పొలిమేర దగ్గర ఆగిపోయేది ఇందుకే. అక్కడ ఆచారమే చట్టం. ఆ ఆచారం ఏమిటని కోర్టులో అడిగితే, నిరూపించే భారం ఇన్నాళ్లూ వాటా అడిగిన ఆడమనిషి మీదే పడింది. 2025 జులై 17న రామ్ చరణ్ కేసులో జస్టిస్ సంజయ్ కరోల్, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీ ఆ భారాన్ని తిప్పేశారు. ఛత్తీస్‌గఢ్‌లో ఒక గోండు మహిళ వారసుల కేసు అది. ఆడవాళ్లకు వాటా ఇచ్చే ఆచారం ఉందని మీరు నిరూపించలేదంటూ కింది కోర్టులు కొట్టేస్తే, ఇవ్వకూడదనే ఆచారం ఉందని ఎవరు నిరూపించారని వీరు అడిగారు. అలాంటి నిషేధం రుజువు కానప్పుడు సమానత్వమే వర్తిస్తుందన్నారు. మూడు నెలలు తిరక్కుండానే అక్టోబర్‌లో, హిమాచల్ గిరిజన ప్రాంతాల కూతుళ్లకు హిందూ వారసత్వ చట్టం ప్రకారం వాటా ఇవ్వాలన్న హైకోర్టు ఆదేశాన్ని జస్టిస్ కరోల్ ఉన్న ధర్మాసనమే తీసేసింది. పైకి ఒకదానికొకటి ఎదురుగా కనిపించినా రెండూ పొసగుతాయి. సమానత్వం పేరుతో అడిగితే దారి ఉంది, ఈ చట్టం పేరుతో అడిగితే లేదు. న్యాయశాస్త్రం చదివినవాళ్లకు ఈ తేడా ముచ్చటగా ఉండొచ్చు. పుట్టింటివాళ్ల మీద కేసు వేయాలా వద్దా అని లాయరు గుమ్మంలో నిలబడ్డ సుగాలి (లంబాడీ) మహిళకు మాత్రం ఇది ఇంకో పదేళ్ల వ్యాజ్యం.

గిరిజనుల ఆచారాల్లో వేలు పెట్టొద్దన్న వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆడపిల్ల బయటివాణ్ణి పెళ్లాడితే భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోతుందన్న భయం ఏజెన్సీలో నిజమైనదే. కానీ వెల్దుర్తి షెడ్యూల్డ్ ఏరియా కాదు. గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా ఆపే 1/70 చట్టం ఇక్కడ అమల్లో లేదు. అన్న అమ్మితే గిరిజనేతరుడు కొనడానికి అడ్డులేని చోట, చెల్లెలి వాటాకు మాత్రం ఆ భయం అడ్డు చెప్పడం ఏం న్యాయం? ఆచారం మాటకొస్తే, ఒకప్పుడు లంబాడీల్లో మగపెళ్లివారే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవారు. ఇప్పుడు కట్నం తీసుకుంటున్నారు. పుచ్చుకోవడానికి ఆచారం మారింది, ఇవ్వాల్సి వచ్చేసరికి అనాదిగా వస్తున్నదైపోయింది.

ఈ లోపం కోర్టుకు తెలియక కాదు. ఆ రెండో సెక్షన్ సంగతి ఆలోచించండని 2022 డిసెంబర్‌లో కమలా నేతి కేసులో కేంద్రానికి చెప్పింది. తేదీ, గడువు ఏమీ పెట్టలేదు. నిజానికి దీనికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తే ఆ చట్టాన్ని షెడ్యూల్డ్ తెగలకు వర్తింపజేయవచ్చని ఆ ఉపసెక్షన్‌లోనే ఉంది. కూతుళ్ల వాటా విషయంలో దేశం కంటే పంతొమ్మిదేళ్లు ముందు నడిచిన రాష్ట్రం మనది. ఏజెన్సీ బయటి తండాల్లో పెద్దల్నీ ఆడవాళ్లనీ విడివిడిగా అడిగి, అక్కడి సుగాలి కుటుంబాల వరకైనా ఆ ప్రకటన ఇవ్వమని కేంద్రాన్ని కోరుతూ అసెంబ్లీ తీర్మానం చేయడానికి అడ్డేమిటో అన్ని పార్టీల శాసనసభ్యులూ చెప్పాలి. మాచర్ల ఎమ్మెల్యే దగ్గర మొదలుపెడితే ఇంకా మంచిది, తండాల ఓట్లు అక్కడ తక్కువేమీ కావు.