టరెట్ ఎడమ వైపే ఎందుకుంది?

రెజ్యుమేలో ‘హాబీలు’ అన్న చోట మనలో చాలామంది ‘క్రికెట్, పాటలు వినడం’ అని రాసి వదిలేస్తాం. ఈ సెలవుల్లో కొత్తగా ఒకటి ట్రై చేయండి. ఓ ట్యాంకు స్కేల్ మోడల్ కట్టండి. ‘బొమ్మ కడితే ఉద్యోగం వస్తుందా?’ అంటారేమో. రాదు. కానీ ఇంటర్వ్యూల్లో మనం ఎక్కువగా తడబడే ‘ఎందుకు?’ అన్న ప్రశ్నకు జవాబు వెతకడం అలవాటవుతుంది.

మొదటి మోడల్‌గా నా ఓటు టీ-70కే. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1942లో సోవియట్ యూనియన్ తయారుచేసిన తేలికపాటి ట్యాంకు ఇది. అసలుది సుమారు 4.3 మీటర్ల పొడవు, 9 టన్నులకు పైగా బరువు. 1:35 స్కేల్‌లో 12 సెంటీమీటర్లే, అరచేతిలో పడుతుంది.

కడుతుంటే ఒక తేడా కనిపిస్తుంది. ఫిరంగి ఉండే టరెట్ మధ్యలో ఉండదు, ఎడమకు జరిగి ఉంటుంది. ఎందుకు? కుడివైపు చోటంతా ఇంజిన్లదే. ఒకదాని వెనక ఒకటి, రెండు. ఒక్కోటి 70 హార్స్‌పవర్. రెండెందుకు? దీన్ని రూపొందించిన గోర్కీలోని గాజ్ కార్లు, లారీల ఫ్యాక్టరీ. అక్కడ దొరికే ఇంజిన్ ఒక్కటైతే ఇంత బరువుకు చాలదు. పెద్ద ఇంజిన్ కోసం ఆగకుండా ఉన్నవాటినే జతచేశారు.

మరి లోటేంటి? లోపల ఇద్దరే. ఒకరు డ్రైవర్. రెండోవాడు కమాండర్. బయట చూడాలి, 45 ఎంఎం ఫిరంగిలో గుండు పెట్టాలి, గురిచూడాలి, పేల్చాలి. అన్నీ అతనే! అందుకే తర్వాత వచ్చిన టీ-80 టరెట్‌లో ఇద్దరికి చోటిచ్చారు.

ఇప్పుడు మీ ఫైనలియర్ ప్రాజెక్టు తీయండి. ఆ సెన్సరే ఎందుకు? ఆ డేటాబేసే ఎందుకు? దానివల్ల ఏం వదులుకున్నారు? డబ్బులిచ్చి కొన్న రెడీమేడ్ ప్రాజెక్టుతో పాటు ఈ జవాబులు రావు.

మోడల్ ఓపికనూ నేర్పుతుంది. ప్లాస్టిక్ సిమెంట్ అంచుల్ని కరిగించి అతికిస్తుంది. ఆరాక విడదీయడం కష్టం. అందుకే ముందు ముక్కను ఆనించి చూసుకోవాలి. పక్కకు ఐదేసి చక్రాలు. ఒక్కటి పైకి అతికినా అది నేలకు ఆనదు. జిగురు ఆరేలోపే చదునైన బల్లమీద పెట్టి సరిచూడాలి. కోడ్ రాసేవాళ్లకు ఇది కొత్తేం కాదు. చివర్లో టెస్ట్ చేద్దామనుకుంటే ఏమవుతుందో తెలుసు కదా!

కిట్ ఖరీదనిపిస్తే ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి కొనండి. అదీ కుదరకపోతే కొలతలు చూసుకుని అట్టముక్కలతో చేయండి. ప్రతి దశకూ ఫొటో తీసి, ‘ఈ భాగం ఇక్కడే ఎందుకుంది?’ అన్నదానికి ఒక్క లైను జవాబు రాసుకోండి.

ఇంటర్వ్యూలో హాబీ అడిగితే పేరు చెప్పి ఆగిపోకండి. టరెట్ ఎడమకెందుకు జరిగిందో చెప్పండి. తర్వాతి ప్రశ్న మీ ప్రాజెక్టు మీద పడొచ్చు. దానికీ అలాంటి జవాబే సిద్ధంగా పెట్టుకోండి.