కనిపించని లోపానికి పూచీ ఎవరిది?

హైదరాబాద్ కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడల్లో యాభై అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. ఇంత స్థలంలో ఇంతే కట్టాలన్న హద్దును 2006లోనే జీవో 86 ఎత్తేసింది. ఆ టవర్లలో ఫ్లాట్లు కొనేవాళ్లలో చాలామంది ఐటీ ఉద్యోగులు. ఇరవై ఏళ్ల ఈఎంఐకి సంతకం పెట్టేవాళ్లు టైల్స్ చూడగలరు, లిఫ్టు చూడగలరు. కాలమ్‌లో కడ్డీల మీద కాంక్రీట్ కవర్ ఎంతుందో, స్లాబ్‌కు క్యూరింగ్ ఎన్నాళ్లు చేశారో చూడలేరు. తాళాలు చేతికొచ్చేసరికి అదంతా ప్లాస్టరింగ్ వెనకాల ఉంటుంది.

స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే రెరా చట్టం 14వ సెక్షన్ ఒక భరోసా ఇచ్చింది. ఫ్లాట్ అప్పగించాక ఐదేళ్లలోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడి మనం చెబితే, బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. లేదంటే పరిహారం ఇవ్వాలి. మంచి నిబంధనే. కానీ తుప్పుకు గడువుతో పనిలేదు. కవర్ పలచగా ఉన్నచోట గాలి, చెమ్మ మెల్లగా లోపలికి దిగుతాయి. కడ్డీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీట్‌ను పగలగొడుతుంది. పెచ్చులూడే నాటికి ఐదేళ్లు ఎప్పుడో దాటిపోవచ్చు. గురుగ్రామ్‌లోని చింటెల్స్ పారడైసోలో 2022 ఫిబ్రవరిలో ఆరో అంతస్తు నుంచి వరసగా స్లాబులు కూలి ఇద్దరు చనిపోయారు. కాంక్రీట్‌లోని క్లోరైడ్లు కడ్డీలను తినేశాయని ఐఐటీ ఢిల్లీ నిపుణులు తేల్చారు.

ఇంటికి బీమా ఉందిగా అంటారు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ తీసి చదవండి. అగ్నిప్రమాదం, వరద, తుపాను, భూకంపం అన్నీ ఉన్నాయి. నేల కుంగినా ఇస్తామంటుంది. డిజైన్ లోపం, నాసిరకం పని, నాసిరకం సామగ్రి వల్ల అయితే మాత్రం ఇవ్వనంటుంది. బిల్డర్ తీసుకునే ఆల్ రిస్క్ పాలసీ ప్రధానంగా నిర్మాణం సాగినంత కాలానికే. అంటే మనం కాపురం పెట్టాక, మనం చూడలేని లోపానికి ఈ పాలసీల్లో ఏదీ పైసా ఇవ్వదు.

జపాన్ ఈ దెబ్బ తిన్నది. అక్కడ కొత్త ఇళ్లకు పదేళ్ల పూచీ చట్టంలో ముందే ఉంది. 2005లో ఒక ఆర్కిటెక్టు భూకంప లెక్కలను తారుమారు చేసిన సంగతి బయటపడింది. ఆ అపార్ట్‌మెంట్లు అమ్మిన కంపెనీ దివాలా తీసింది. పూచీ కాగితం మీద భద్రంగా ఉంది, ఇచ్చేవాడు లేడు. అందుకే 2007లో ఇంకో చట్టం తెచ్చి, కొత్త ఇల్లు అమ్మేవాళ్లు బీమా అయినా తీసుకోవాలి, డబ్బు డిపాజిట్ అయినా చేయాలన్నారు. ఫ్రాన్స్‌లో 1978 నుంచీ పని మొదలవకముందే పాలసీ తీసుకోవాలి. బీమా కంపెనీ ముందు మరమ్మతుకు డబ్బిచ్చి, తప్పెవరిదో తేల్చి వాళ్ల దగ్గర వసూలు చేసుకుంటుంది. ఇంటి యజమాని కోర్టు మెట్లెక్కి కూర్చోనక్కర్లేదు.

నాకు పరిహారం కన్నా ఆ ‘ముందే’ అన్నదే ముఖ్యం. పదేళ్లు తన డబ్బు పణంగా పెట్టే కంపెనీ బిల్డర్ మాట నమ్మి ఊరుకోదు. పునాది గోతి దగ్గర, కడ్డీలు కట్టినచోట, స్లాబ్ పోసే రోజున తన ఇంజనీరును నిలబెడుతుంది. ఆ ఇంజనీరుకు జీతం బిల్డర్ ఇవ్వడు. మన సైట్లలో లేని మనిషి అతనే. ప్రీమియం చివరికి కొనేవాళ్ల మీదే పడుతుందనే అభ్యంతరం నిజమే, పడనివ్వండి. క్లబ్‌హౌస్‌కు కట్టేవాళ్లు కాలమ్‌కు కట్టలేరా? పైగా పాత ప్రాజెక్టుల్లో పగుళ్లు మిగిల్చిన బిల్డర్‌కు ప్రీమియం ఎక్కువ పడుతుంది. ఏ ప్రకటనా చెప్పని నిజం ఆ అంకె చెబుతుంది.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ప్రభుత్వం నోటిఫై చేసిన బీమాలు ప్రమోటర్ తీసుకోవాలని, అవి కొన్నవారికి బదిలీ కావాలని రెరా 16వ సెక్షన్ చెబుతూనే ఉంది. కనిపించని లోపాలకు పదేళ్ల బీమాను తెలంగాణ ప్రభుత్వం పేరు పెట్టి ఆ బీమాల్లో చేర్చాలి.

అక్కడితో ఆగితే టవర్లవాళ్లకే మేలు. 500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టినవాటికి, ఎనిమిది ఫ్లాట్లు మించనివాటికి రెరా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో ఒరిగిన భవనం చిన్న స్థలంలో కట్టిందే. పక్క ప్లాట్‌లో గోతులు తవ్వగానే అది వాలిపోయింది. జనాన్ని ఖాళీ చేయించి, అధికారులు దాన్ని కూల్చేశారు. ఐటీ కారిడార్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు, సెక్యూరిటీ గార్డులు, వంటవాళ్లు అద్దెకుండేది ఇలాంటి ఇళ్లలోనే. వీటికి మున్సిపల్ అనుమతి ఇచ్చేటప్పుడే ఆ పాలసీ కాగితం అడగాలి.