సీటు రాక కాదు, కావాలనే జాగ్రఫీ తీసుకోండి

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. డిగ్రీ అయిపోయి పీజీకి ఏం పెట్టాలా అని ఆలోచిస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్నా.

నేను జాగ్రఫీలో ఎమ్మెస్సీ అంటే మనవాళ్లు మొదట అడిగేది "వేరేదాంట్లో సీటు రాలేదా?" అని. నిజమే, రాలేదు. డిగ్రీలో బీజెడ్‌సీ చదివా, బోటనీ అనుకున్నా, ర్యాంకు చాల్లేదు. హాస్టలైనా దొరుకుతుంది కదా అని ఇందులో చేరా. మా క్లాసులో చాలామందిది ఇదే కథ.

మొదటి సెమిస్టర్‌లో ఒకరోజు మా సారు తూర్పు కనుమల రాళ్ల గురించి చెప్తూ బోర్డు మీద "ఖొండలైట్" అని రాశారు. 1902లో వాకర్ అనే జియాలజిస్టు ఖోండుల పేరు మీద ఆ రాయికి పేరు పెట్టాడట. ఖోండులంటే ఎవరు? కోదులు. అంటే మేమే. అనంతగిరి కొండల్లో చిన్నప్పటి నుంచి నేను తొక్కి తిరిగిన రాయికి మా తెగ పేరుందని నాకు 22వ ఏట తెలిసింది. దాని పక్కనే ఉండే ఇంకో రాయి చార్నొకైట్. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే కంపెనీ దొర సమాధికి వాడిన రాయి అదే, అందుకని ఆ పేరు. రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఇదంతా చెప్తే మా నాన్న "అయితే ఆ రాయికి మనకు పట్టా ఇస్తారా?" అని నవ్వాడు.

నాన్న సరదాకే అన్నాడు గానీ నాకది పట్టుకుంది. ఆ ఖొండలైట్ మీద లక్షల ఏళ్లు వానలు పడి, అందులోని సిలికా కొట్టుకుపోయి, మిగిలిన అల్యూమినియం మట్టే బాక్సైట్. గాలికొండ మీద, జెర్రెల మీద కంపెనీల కళ్లు పడ్డది దానికే. ఆ కొండ నెత్తి గుల్లగా ఉంటుంది. వాన నీళ్లు అందులోకి ఇంకి మెల్లగా కింద ఊటలుగా వస్తాయి. మన ఊళ్లలో గ్రావిటీ స్కీమ్ పైపులు వేసింది అలాంటి ఊటలకే. "కొండ తవ్వితే నీళ్లు పోతాయి" అని మా తాత ఎప్పటినుంచో అంటున్నాడు. గ్రామసభలో తాత చెప్తే అది నమ్మకం, ఇంజనీరు చెప్తే రిపోర్టు. తాత మాటను రిపోర్టు భాషలో రాసేవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారు?

ఇక అసలు విషయం. మా క్లాసులో కూనవరం వైపు నుంచి వచ్చిన కోయ తమ్ముడు ఒకడున్నాడు. ప్రాక్టికల్స్‌లో కాంటూర్లు గీస్తున్నాం. కాంటూర్ అంటే ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలిపే గీత. మాకది పది మార్కుల ప్రశ్న. వాడు మాత్రం "అన్నా, మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా ఈ మాట తెలుసు" అన్నాడు. పోలవరం ముంపులో 41.15 మీటర్ల గీత కింద ఉంటే మొదటి విడత, దానికీ 45.72కీ మధ్య ఉంటే తర్వాత. పరిహారం, ఇల్లు, ఊరు ఖాళీ చేసే తేదీ, అన్నీ ఆ గీతే తేలుస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ లిస్టులో లేని ఊళ్లు కూడా మునిగాయి. ఆ తర్వాత లైడార్ సర్వేలో మొదటి విడతలోకి రావాల్సిన ఆవాసాలు ఇంకో 36 తేలాయి. అంటే ముందు గీసిన గీత తప్పనేగా?

ఇంకో సంగతి ఉంది. డ్యాం దగ్గర నీళ్లు 41 మీటర్లుంటే పైన కూనవరం దగ్గర కూడా 41 ఉంటాయని అనుకోకూడదు. నిలబడ్డ నీళ్లు సమంగా ఉంటాయి, పారే నీళ్లకు వాలు ఉంటుంది. వరదలో గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లకు దారి ఉండదు, అవి వెనక్కి తంతాయి. ఇదే బ్యాక్‌వాటర్. ఇది ఫస్టియర్ పాఠం. ఈ ఒక్క పాఠం తెలిసినవాడు మీటింగులో లేచి "సారూ, మీ లెక్క నిలబడ్డ నీళ్లకా, వరదకా?" అని అడిగితే ఆఫీసర్ జవాబు చెప్పి తీరాలి.

మనలో లా చదివేవాళ్లు పెరుగుతున్నారు, మంచిదే. 1/70, పీసా, 1997 సమత తీర్పు అన్నీ నోటికొచ్చు. కానీ ఆ చట్టాలు పనిచేసేది ఒక మ్యాపు మీద. ఆ మ్యాపు తప్పైతే చట్టం మన పక్కనున్నా భూమి మన పక్క ఉండదు. పోడు పట్టాల సంగతే చూడండి. ఒక చెక్క రెండు మూడేళ్లు బీడు వదిలితే పొద పెరిగి శాటిలైట్ ఫొటోలో అడవిలానే కనిపిస్తుంది. 2012లో సవరించిన రూల్స్ ప్రకారం ఆ ఫొటో మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. ఈ రూలు వాదించడానికి లాయర్ చాలు. ఆ ఫొటోలో కనిపించేది అడవి కాదు, బీడు అని చూపించడానికి మాత్రం ఫొటో చదవడం వచ్చినవాడు కావాలి.

కష్టాలు దాచను. డిగ్రీలో జాగ్రఫీ లేకుండా వస్తే మొదటి సెమిస్టర్ చుక్కలు కనిపిస్తాయి. పుస్తకాలన్నీ ఇంగ్లీషే. ఫీల్డ్ ట్రిప్పుకి డబ్బులు కట్టాలి, స్కాలర్‌షిప్ టైంకి రాదు. నాకు ఒకసారి తోటి కోదు అన్న ఇచ్చాడు, ఇంకా తీర్చలేదు (అన్నా, ఈ పోస్టు చూస్తే తిట్టకు). ఉద్యోగాలు వరసపెట్టి వస్తాయని కూడా చెప్పను. జీఐఎస్ నేర్చుకున్నవాళ్లకు కొంత పని దొరుకుతోంది, సివిల్స్‌లో ఆప్షనల్‌గా పనికొస్తుంది, అంతే. ఉద్యోగం ఒక్కటే లెక్కైతే బీఈడీ చేయండి, తప్పు లేదు.

ప్రతి ఊరికీ ఒకరు చదవాలని నేను అనట్లేదు. మండలానికి ఒక్కరున్నా చాలు.

మా ఊరి టోపోషీట్ మొదటిసారి చూసినప్పుడు మేం ఏడాదంతా నీళ్లు తెచ్చుకునే గెడ్డ అందులో నల్ల గీతగా ఉంది. నల్ల గీతంటే ఎండిపోయే వాగు అని అర్థం. నీళ్లుంటే నీలం వేయాలి. మీ ఊళ్లలో కూడా ఇలాంటివి ఉండే ఉంటాయి. సంక్రాంతికి ఊరొస్తున్నా, ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ ఉంది, అది ఫ్రీ సాఫ్ట్‌వేరే. మీ ఊరి ఊటల పేర్లు, ఏ నెలదాకా పారతాయో పెద్దవాళ్లను అడిగి రాసుకుని రండి. రెండు రోజులు కూర్చుని మ్యాపు మీద పెడదాం. వచ్చేవాళ్లు కింద పేరు, పంచాయతీ రాయండి.